తెలుగు సినిమాలలో కల్పిత సంగీత విద్వాంసులు

తెలుగు సినిమాలలో కల్పిత సంగీత విద్వాంసులు అనగా చరిత్రలో గానీ పురాణాలలో గానీ లేక, కేవలం సినిమా కథ కొరకు రచయితలు, దర్శకులు సృష్టించిన గాయకుల, వాద్యకారుల పాత్రలు. వీటిలో అత్యంత ప్రసిద్ధమైనది శంకరాభరణం (1980) చిత్రంలోని శంకరశాస్త్రి పాత్ర. రుద్రవీణ (1988) చిత్రంలోని బిలహరి గణపతిశాస్త్రి, స్వాతికిరణం (1992) చిత్రంలోని అనంతరామశర్మ, సిరివెన్నెల (1986) చిత్రంలోని వేణువాద్యకారుడు హరిప్రసాద్ ఈ కోవకు చెందిన ఇతర ముఖ్య పాత్రలు.

ఈ పాత్రలలో పలువురు విద్వాంసులకు ఒక సామాన్య లక్షణం కలదు. వారి పాండిత్యానికి ఎదురయ్యే అసలు పరీక్ష సభలో గాక శిష్యుని రూపంలోనో, బిడ్డ రూపంలోనో వస్తుంది. తన విద్యను ఎవరికి ఇవ్వాలి, ఎవరికి ఇవ్వనన్నాడు, ఇచ్చిన తరువాత ఏమైంది అన్నదే కథకు ఇరుసుగా నిలుస్తుంది. ఈ చిత్రాలకు, కళాకారులకు గోదావరి డెల్టా ప్రాంతంతో ఉన్న సంబంధం కూడా చెప్పుకోదగినది.

పరిధి

త్యాగరాజు, అన్నమయ్య, రామదాసు వంటి వాగ్గేయకారుల జీవితాలపై వచ్చిన చిత్రాలు ఈ వ్యాసం పరిధిలోకి రావు. అవి చారిత్రక వ్యక్తుల కథలు. నారదుడు, తుంబురుడు వంటి పౌరాణిక పాత్రలు కూడా ఇందులో చేరవు. నాట్యమే ప్రధానంగా గల సాగరసంగమం (1983), ఆనందభైరవి (1983), స్వర్ణకమలం (1988) చిత్రాలను కూడా ఇక్కడ చేర్చలేదు. సంగీతమే వృత్తిగానో, జీవితంగానో గల కల్పిత పాత్రలను మాత్రమే ఇక్కడ పరిశీలిస్తాము.

నేపథ్యం

తెలుగు సినిమాకు సంగీతం పుట్టుకతో వచ్చినది. పద్యనాటకాల నుండి వచ్చిన నటులు తమ పాటలు తామే పాడుకునేవారు. ఆనాడు ప్రతి కథానాయకుడూ గాయకుడే కనుక, గాయకుడే కథానాయకుడైన కథ ప్రత్యేకంగా కనిపించేది కాదు. నేపథ్య గానం స్థిరపడి, నటించేవారు వేరు, పాడేవారు వేరు అయిన తరువాతనే సంగీత విద్వాంసుని పాత్రకు ప్రత్యేకత వచ్చింది.

ఈ వరుసలో తొలి ముఖ్య చిత్రాలలో ఒకటి పి. పుల్లయ్య దర్శకత్వంలోని జయభేరి (1959). ఇందులో అక్కినేని నాగేశ్వరరావు కాశీనాథ్ అనే గాయకుని పాత్ర ధరించాడు. శాస్త్రీయ సంగీతం నేర్చిన ఈ యువకుడు పల్లెపట్టున ఆడిపాడే కళాకారిణి మంజువాణిని (అంజలీదేవి) వివాహమాడి కుల కట్టుబాట్లకు ఎదురు నిలుస్తాడు. పండితుల సంగీతం గొప్పదా, పామరుల పాట గొప్పదా అన్న ప్రశ్న ఈ చిత్రంలోనే స్పష్టంగా వినిపిస్తుంది. పెండ్యాల నాగేశ్వరరావు సంగీతం, ఘంటసాల గానం ఈ చిత్రానికి ప్రాణం పోశాయి.

అదే పెండ్యాల, ఘంటసాలల కలయికలో వచ్చిన జగదేకవీరుని కథ (1961) జానపద చిత్రం. కె.వి. రెడ్డి దర్శకుడు, పింగళి నాగేంద్రరావు రచయిత. ఇందులో కథానాయకుడు ప్రతాపుడు (ఎన్.టి. రామారావు) వృత్తిరీత్యా గాయకుడు కాకపోయినా, ఒక సన్నివేశంలో ఏకకాలంలో పలు రూపాలు ధరించి, పాడేదీ తానే, ప్రక్కవాద్యాలు వాయించేదీ తానే అవుతాడు. దర్బారీ కానడ రాగంలో సాగే ఈ గానసభ తెలుగు తెరపై కనిపించిన అత్యంత విచిత్రమైన "వాద్యబృందం" అని చెప్పవచ్చును.

శంకరశాస్త్రి

శంకరాభరణం చిత్రం 1980 ఫిబ్రవరి 2న విడుదలైంది. పూర్ణోదయా పతాకంపై ఏడిద నాగేశ్వరరావు నిర్మించగా, కె. విశ్వనాథ్ దర్శకత్వం వహించాడు. సంగీతం కె.వి. మహదేవన్, పాటలు వేటూరి సుందరరామమూర్తి, మాటలు జంధ్యాల, ఛాయాగ్రహణం బాలు మహేంద్ర సమకూర్చారు. శంకరశాస్త్రిగా జె.వి. సోమయాజులు, తులసిగా మంజుభార్గవి, శాస్త్రి కుమార్తె శారదగా రాజ్యలక్ష్మి, ప్లీడరు మాధవయ్యగా అల్లు రామలింగయ్య, శారదను ప్రేమించే యువకునిగా చంద్రమోహన్ నటించారు. సోమయాజులు అప్పటికి ప్రభుత్వోద్యోగి, డిప్యూటీ కలెక్టరు. కన్యాశుల్కం నాటకంలో రామప్పపంతులు వేషంతో రంగస్థలంపై పేరు గడించినవాడు. సినిమా ప్రేక్షకులకు అంతగా పరిచయం లేని ముఖం కావడం వలన ప్రేక్షకులు నటుని గాక శాస్త్రినే చూడగలిగారు.

రాగం పేరిట బిరుదు

ఒక రాగంలో అసాధారణ ప్రజ్ఞ చూపిన విద్వాంసునికి ఆ రాగం పేరునే బిరుదుగా ఇవ్వడం దక్షిణాదిన ఉన్న ఆచారం. తంజావూరు సంస్థానంలో తోడి సీతారామయ్య, శంకరాభరణం నరసయ్య అనే విద్వాంసులు ఉండేవారని, అప్పుల బాధతో వారు తమ రాగాలనే తాకట్టు పెట్టారని సంగీత లోకంలో కథలు చెప్పుకుంటారు. శంకరశాస్త్రికి ముందున్న "శంకరాభరణం" అన్న మాట ఈ సంప్రదాయం నుండి వచ్చినదే.

శంకరాభరణం 72 మేళకర్త రాగాలలో 29వది. కటపయాది సంఖ్య కొరకు దీనిని ధీరశంకరాభరణం అంటారు. దీని స్వరస్థానాలు పాశ్చాత్య సంగీతంలోని మేజర్ స్కేలుకు సమానం. పియానోపై తెల్ల మెట్లను మాత్రమే సి నుండి వరుసగా నొక్కితే వచ్చేది ఈ స్వరక్రమమే. గమకాలు, సంచారాలు వేరు కనుక వినడానికి రెండూ వేర్వేరుగా ఉంటాయి.

ఈ విషయం తెలిసినవారికి చిత్రంలోని ఒక సన్నివేశం మరింత అర్థవంతంగా తోస్తుంది. రాత్రివేళ పాశ్చాత్య బాణీలతో అల్లరి చేస్తూ శాస్త్రిని ఎగతాళి చేసిన కుర్రవారికి, ఆయన వారి స్వరాలను తడుముకోకుండా పాడి చూపిస్తాడు. ఆయన పాడినదానిని వారు పాడలేకపోతారు. మంచి సంగీతానికి ఎల్లలు లేవని, శ్రద్ధ లేకపోవడమే దోషమని ఈ సన్నివేశం చెబుతుంది. శాస్త్రిని పాశ్చాత్య సంగీత ద్వేషిగా భావించడం సరికాదు.

నియమం, కారుణ్యం

శంకరశాస్త్రి స్వరం విషయంలో కఠినుడు. మైసూరు వాసుదేవాచార్యుల ఖమాస్ రాగ కృతిని ఒక సంగీతం మాస్టరు వికృతంగా పాడి పిల్లలకు నేర్పుతుంటే ఆయన సహించలేడు. కన్న కూతురి పాటలో అపస్వరం దొర్లినా ఉపేక్షించడు. ఇంత కఠినుడూ వేశ్యాకుటుంబంలో పుట్టిన తులసిని ఆదరించి, ఊరి నిందను మౌనంగా భరిస్తాడు. ఈ రెండు గుణాలు ఒకే మనిషిలో ఉండడమే పాత్ర బలం. ఆయన దృష్టిలో తప్పు స్వరం క్షమించరానిది. మనిషి పుట్టుక అసలు తప్పే కాదు.

తులసి ఒక జమీందారు చేతిలో బలాత్కారానికి గురవుతుంది. అతని చావుకు కారణమై జైలు పాలవుతుంది. ఆమెకు పుట్టిన బాలుడే శంకరం. కాలం మారి, శాస్త్రీయ సంగీతానికి ఆదరణ తగ్గి శాస్త్రి పేదరికంలో ఉన్న రోజులలో తులసి తన కుమారుని ఆయన వద్దకు శిష్యునిగా చేరుస్తుంది. ఆయన పేరిట సభామందిరం కట్టించి, కచేరీ ఏర్పాటు చేస్తుంది. ఆ కచేరీలో శాస్త్రి మధ్యలోనే కుప్పకూలగా, ఆగిన పాటను బాలుడు శంకరం అందుకుని పూర్తి చేస్తాడు. ఊరు వెలివేసిన ఇంటి బిడ్డ ఆయన సంగీతానికి వారసుడవుతాడు.

ఆదరణ, పురస్కారాలు

ఈ చిత్రం ఆంధ్రప్రదేశ్‌లోనే గాక తమిళనాడు, కేరళ, కర్ణాటకలలో కూడా విశేషాదరణ పొందింది. 1979 సంవత్సరపు (27వ) జాతీయ చలనచిత్ర పురస్కారాలలో ఈ చిత్రానికి నాలుగు లభించాయి.

* ఉత్తమ జనరంజక చిత్రం (స్వర్ణకమలం)
* ఉత్తమ సంగీత దర్శకుడు: కె.వి. మహదేవన్
* ఉత్తమ నేపథ్య గాయకుడు: ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం
* ఉత్తమ నేపథ్య గాయని: వాణీ జయరాం

1985లో విశ్వనాథ్ దీనిని సుర్ సంగమ్ పేరుతో హిందీలో తీశాడు. అందులో శాస్త్రి పాత్రను గిరీష్ కర్నాడ్, తులసి పాత్రను రాజమహేంద్రవరంలో జన్మించిన జయప్రద పోషించారు. శంకరాభరణం విడుదలైన తేదీ అయిన ఫిబ్రవరి 2నే, 2023లో, విశ్వనాథ్ మరణించాడు.

సాంబయ్య, హరిప్రసాద్

శాస్త్రి వంటి పండితులే గాక, ఏ బిరుదూ లేని వాద్యకారులు కూడా విశ్వనాథ్ చిత్రాలలో కనిపిస్తారు. సిరిసిరిమువ్వ (1976)లో చంద్రమోహన్ పోషించిన సాంబయ్య తాళవాద్యం వాయించే పల్లెటూరి యువకుడు. మాటలు రాని యువతి హైమ (జయప్రద) నాట్యానికి అతని వాయిద్యమే ఆధారం. ఈ చిత్రంలోని పాటకు పి. సుశీల 1976 సంవత్సరపు జాతీయ ఉత్తమ నేపథ్య గాయని పురస్కారం అందుకుంది. సిరిసిరిమువ్వను విశ్వనాథ్ 1979లో సర్గమ్ పేరుతో హిందీలో పునర్నిర్మించగా ఆ పాత్రను రిషి కపూర్ ధరించాడు.

సిరివెన్నెల (1986)లో హరిప్రసాద్ అంధుడైన వేణువాద్యకారుడు. సర్వదమన్ బెనర్జీ ఈ పాత్రను ధరించాడు. అతనిని ప్రేమించే చిత్రకారిణి (సుహాసిని) మూగది. ఆమె గీసినది అతను చూడలేడు, అతనితో ఆమె మాట్లాడలేదు. ఇద్దరికీ మిగిలిన వంతెన వేణువు ఒక్కటే. చిత్రంలో వినిపించే వేణువును ప్రఖ్యాత విద్వాంసుడు హరిప్రసాద్ చౌరాసియా వాయించాడు. కథానాయకుని పేరు కూడా అదే కావడం గమనార్హం. ఈ చిత్రానికి పాటలు వ్రాసిన చేంబోలు సీతారామశాస్త్రికి చిత్రం పేరే ఇంటిపేరుగా స్థిరపడింది.

నగర వ్యామోహాలలో పడి దారి తప్పిన గాయక సోదరుల కథ శ్రుతిలయలు (1987). ఇందులో విద్యను ఇచ్చిన తండ్రి ఆశయం ఒకవైపు, దానిని అమ్ముకున్న కొడుకుల పతనం మరొకవైపు కనిపిస్తాయి.

బిలహరి గణపతిశాస్త్రి, సూర్యం

కె. బాలచందర్ దర్శకత్వంలో అంజనా ప్రొడక్షన్స్ నిర్మించిన రుద్రవీణ 1988 మార్చిలో విడుదలైంది. ఇళయరాజా సంగీతం సమకూర్చాడు. బిలహరి రాగంలో దిట్ట అయిన గణపతిశాస్త్రిగా జెమినీ గణేశన్, అతని చిన్న కుమారుడు సూర్యనారాయణ అనే సూర్యంగా చిరంజీవి నటించారు. ఈ చిత్రంలో చారుకేశి, లలిత శివజ్యోతి వంటి పాత్రల పేర్లలోనే రాగాల పేర్లు వినిపిస్తాయి.

శంకరశాస్త్రికి, గణపతిశాస్త్రికి పైకి పోలిక కనిపించినా వారిది వేర్వేరు దారి. శంకరశాస్త్రి నియమం తప్పు స్వరం వద్ద ఆగిపోతుంది. గణపతిశాస్త్రి నియమం మనుషుల దాకా వస్తుంది. పొరుగువాని కష్టం వినపడని చెవికి శ్రుతి ఎలా వినపడుతుందన్నది కొడుకు వేసే ప్రశ్న. తక్కువ కులంగా పరిగణింపబడే కుటుంబానికి చెందిన లలితను ప్రేమించి, ఊరి జనం తాగుడు మాన్పించడానికి పూనుకుని, సూర్యం తండ్రి ఇంటిని వీడతాడు. ఇక్కడ శిష్యుడే గురువును పరీక్షకు నిలబెడతాడు. చివరకు తండ్రి కొడుకు గొప్పతనాన్ని అంగీకరిస్తాడు.

జాతీయ సమైక్యతపై ఉత్తమ చిత్రానికి ఇచ్చే నర్గీస్ దత్ పురస్కారం, ఉత్తమ సంగీత దర్శకుడు (ఇళయరాజా), ఉత్తమ నేపథ్య గాయకుడు (ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం) పురస్కారాలు ఈ చిత్రానికి లభించాయి. బాలచందర్ ఇదే కథను కమల్ హాసన్‌తో ఉన్నాల్ ముడియుమ్ తంబి పేరున తమిళంలో అదే సంవత్సరం తీశాడు.

అనంతరామశర్మ, గంగాధరం

స్వాతికిరణం 1992 జనవరి 1న విడుదలైంది. కె. విశ్వనాథ్ దర్శకుడు, కె.వి. మహదేవన్ సంగీత దర్శకుడు. మలయాళ నటుడు మమ్ముట్టి అనంతరామశర్మగా, మాస్టర్ మంజునాథ్ బాలగాయకుడు గంగాధరంగా, రాధిక శర్మ భార్య శారదగా నటించారు.

అనంతరామశర్మ సాటిలేని విద్వాంసుడు. అయితే తన శిష్యుడైన పిల్లవానిలో తనను మించిన ప్రతిభ ఉన్నదని తెలిసిన క్షణం నుండి అతనిలో అసూయ మొదలవుతుంది. బిడ్డలు లేని శారద గంగాధరంలో కొడుకును చూసుకుంటుంది. శర్మ మాత్రం పోటీదారునే చూస్తాడు. గురువు క్షోభకు తానే కారణమని గ్రహించిన బాలుడు తన ప్రాణం తీసుకుంటాడు.

శంకరాభరణంలో శిష్యుడు గురువు పాటను బ్రతికిస్తాడు. స్వాతికిరణంలో గురువు శిష్యుని పాటను ఆపివేస్తాడు. పన్నెండేళ్ల వ్యవధిలో ఒకే దర్శకుడు, ఒకే సంగీత దర్శకుడు తీసిన ఈ రెండు చిత్రాలను ఒకదాని ప్రక్కన ఒకటి ఉంచి చూడవలసి ఉంటుంది. విద్య గొప్పదైనంత మాత్రాన విద్వాంసుడు గొప్పవాడు కానక్కరలేదని రెండవ చిత్రం హెచ్చరిస్తుంది. పిల్లలకు విద్య నేర్పే ప్రతి ఒక్కరికీ ఈ హెచ్చరిక వర్తిస్తుంది.

ముఖం, గళం, వాద్యం

కల్పిత విద్వాంసుడు నిజానికి ఒక్కడు కాడు. ముఖం ఒకరిది, గొంతు మరొకరిది, వాద్యం వాయించే వేళ్లు వేరొకరివి. శంకరశాస్త్రికి సోమయాజులు ముఖమైతే, ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గళం. బాలసుబ్రహ్మణ్యం శాస్త్రీయ సంగీతం పద్ధతిగా అభ్యసించినవాడు కాదు. మహదేవన్ సహాయకుడు పుహళేంది శిక్షణలో కృషి చేసి ఆ పాటలు పాడాడు. కర్ణాటక సంగీతానికి ప్రతీకగా నిలిచిన శాస్త్రి గొంతు, గురుకులంలో నేర్వని ఒక సినిమా గాయకునిది కావడం విశేషం.

బాలుడు శంకరం పాత్రను బాలనటి తులసి ధరించింది. ఆ పాటలు వాణీ జయరాం పాడింది. అనగా పాత్ర బాలునిది, ముఖం బాలికది, గళం స్త్రీది. స్వాతికిరణంలో గంగాధరం పాటలు పాడినదీ వాణీ జయరామే. 

ఒక్కొక్కసారి కల్పిత పాత్ర ముఖం చారిత్రక పాత్రకు అరువుగా పోతుంది. నర్సాపురంలో జన్మించిన దర్శకుడు బాపు 1981లో త్యాగయ్య చిత్రం తీసినప్పుడు త్యాగరాజు పాత్రకు సోమయాజులును ఎంచుకున్నాడు. శాస్త్రి ముఖమే ప్రేక్షకులకు త్యాగరాజు ముఖమయింది.

గోదావరి సీమతో సంబంధం

శంకరాభరణం చిత్రీకరణ రాజమహేంద్రవరం పరిసరాలలోను, గోదావరి ఒడ్డున ఉన్న రఘుదేవపురం తదితర గ్రామాలలోను చాలావరకు జరిగింది. నిర్మాత ఏడిద నాగేశ్వరరావు (1934-2015) నాటి తూర్పు గోదావరి జిల్లా కొత్తపేటలో జన్మించాడు. రుద్రవీణ కథానాయకుడు చిరంజీవి స్వస్థలం పశ్చిమ గోదావరి జిల్లా మొగల్తూరు.

ఈ ప్రాంతం నిజమైన విద్వాంసులకు కూడా పుట్టినిల్లు. వైణికుడు ఈమని శంకరశాస్త్రి (1922-1987) ద్రాక్షారామంలోను, అతని శిష్యుడు చిట్టిబాబు (1936-1996) కాకినాడలోను, గాయకుడు మంగళంపల్లి బాలమురళీకృష్ణ (1930-2016) కోనసీమలోని శంకరగుప్తంలోను జన్మించారు. వీరిలో చిట్టిబాబు తన వీణతో ఒక కల్పిత విద్వాంసునికి ప్రాణం పోశాడు. శ్రీధర్ దర్శకత్వంలోని తమిళ చిత్రం కలైకోయిల్ (1964)లో వైణికుని పాత్రకు వినిపించే వీణ చిట్టిబాబుదే. బాలమురళీకృష్ణ భక్త ప్రహ్లాద (1967)లో నారదునిగా స్వయంగా నటించాడు. విద్వాంసుడే తెరపై సంగీతకారుని వేషం వేసిన అరుదైన సందర్భమిది.

శంకరాభరణంలోని తులసి పాత్ర వెనుక కూడా గోదావరి జిల్లాల చరిత్ర ఉన్నది. పెద్దాపురం, ముమ్మిడివరం, మురమండ, బల్లిపాడు వంటి చోట్ల కలావంతుల కుటుంబాలు తరతరాలుగా పదాలు, జావళీలు, అభినయం కాపాడుకుంటూ వచ్చాయి. దేవాలయ సేవలోను, పెళ్లిళ్ల మేజువాణీలలోను వారి సంగీతం వినిపించేది. వారి జీవితాలలో దోపిడీ కూడా ఉన్నది. రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం (1848-1919) భోగం మేళాలకు వ్యతిరేకంగా ఉద్యమించాడు. 1947లో మద్రాసు రాష్ట్రం దేవదాసీల అంకితాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. దోపిడీని ఆపదలచిన ఈ మార్పులతో పాటు ఆ స్త్రీల కళకు, జీవనానికి ఉన్న ఆధారం కూడా పోయింది. తరువాతి కాలంలో నటరాజ రామకృష్ణ (1923-2011) ఆ కుటుంబాల వృద్ధ కళాకారిణుల సహాయంతో ఆంధ్రనాట్యాన్ని పునరుద్ధరించాడు.

పాశ్చాత్య బాణీ గాయకులు

1980ల చివరి నాటికి వీణ, తంబురాల స్థానంలో గిటారు, మైకు పట్టుకున్న కథానాయకులు వచ్చారు. అభినందన (1988)లో కార్తీక్, ప్రేమ (1989)లో వెంకటేష్ పోషించినవి ఇటువంటి వేదిక గాయకుల పాత్రలే. రెండు చిత్రాలకూ ఇళయరాజా సంగీతం అందించాడు. వీటిలో సంగీతం ప్రేమకథకు నేపథ్యంగా నిలుస్తుందే గాని, గురుశిష్య సంబంధం, వారసత్వం వంటి ప్రశ్నలు ముందుకు రావు. బృందంగా పాడే సంగీతకారుల కథలు తెలుగులో వేళ్లూనుకోలేదు. మన సినిమా విద్వాంసుడు చాలావరకు ఒంటరివాడే.

ఇతర భాషలలో

తమిళంలో తిల్లానా మోహనాంబాళ్ (1968)లోని నాదస్వర విద్వాంసుడు షణ్ముగసుందరం (శివాజీ గణేశన్) ఇటువంటి పాత్రలకు పెద్దన్న వంటివాడు. దానికీ సంగీతం కె.వి. మహదేవనే. బాలచందర్ తీసిన సింధుభైరవి (1985)లో జె.కె.బి. అనే గాయకుని ఒక యువతి, శ్రోతలకు తెలిసిన భాషలో పాడరాదా అని నిలదీస్తుంది. తమిళ శ్రోతలకు తెలియని ఆ భాషలలో ప్రధానమైనది తెలుగే కావడం మనవారికి ఆసక్తి కలిగించే విషయం. మలయాళ చిత్రం భరతం (1991) గాయకులైన అన్నదమ్ముల నడుమ ఈర్ష్యను చిత్రించింది. హిందీ చిత్రం అభిమాన్ (1973)లో భార్య కీర్తి చూసి భర్త ఓర్వలేకపోతాడు.

ఆంగ్ల చిత్రాలలో కల్పిత బృందాల సంప్రదాయం బలమైనది. శంకరాభరణం వచ్చిన 1980లోనే ది బ్లూస్ బ్రదర్స్ చిత్రం విడుదలైంది. దిస్ ఈజ్ స్పైనల్ ట్యాప్ (1984)లోని హాస్య బృందం తరువాత నిజంగానే కచేరీలు చేసింది. అక్కడ కల్పిత బృందం తెర దాటి వేదికకు వచ్చింది. ఇక్కడ శంకరశాస్త్రి పాటలు పాత్రను దాటి కచేరీలకు, పాటల పోటీలకు చేరాయి.

విమర్శ

ఈ చిత్రాలపై కొన్ని విమర్శలు ఉన్నాయి.

* గొప్ప సంగీతం అంటే కర్ణాటక సంగీతమే, విద్వాంసుడు అంటే బ్రాహ్మణుడే అన్న భావనను ఇవి బలపరుస్తాయన్నది మొదటిది. డోలు, సన్నాయి, డప్పు వాయించేవారు తెరపై తరచు కనిపించినా వారి కథ అరుదుగా చెప్పబడింది. సిరిసిరిమువ్వ ఇందుకు ఒక మినహాయింపు.
* రెండవది స్త్రీల గురించినది. ప్రధాన విద్వాంసురాలిగా స్త్రీ పాత్రలు తక్కువ. తులసి సంగీత జ్ఞానం, నాట్యం శాస్త్రికి అంకితమవుతాయే గాని, ఆమె స్వయంగా వేదికపై విదుషిగా నిలబడదు. ఆమె కొడుకు వారసుడవుతాడు, ఆమె కాదు. కలావంతుల చరిత్ర తెలిసినవారికి ఈ లోటు స్పష్టంగా కనిపిస్తుంది.
* మూడవది, గాయకుని సాధన కన్న అతని త్యాగం, మరణం మీదనే కథలు ఎక్కువగా ఆధారపడతాయన్నది.

ఈ విమర్శలకు కొంతవరకు జవాబు ఆ చిత్రాలలోనే లభిస్తుంది. శంకరశాస్త్రి వారసుని కులం అడగడు. గణపతిశాస్త్రి అడిగి ఓడిపోతాడు. అనంతరామశర్మ వారసుడు ఎదుట ఉన్నా స్వీకరించలేక నష్టపోతాడు. విద్య పంచుకున్నవాడికే మిగులుతుందన్న మాటను ఈ మూడు కల్పిత జీవితాలు మూడు విధాలుగా చెబుతాయి.

ముఖ్య పాత్రల జాబితా

* కాశీనాథ్ (గాయకుడు): జయభేరి, 1959, అక్కినేని నాగేశ్వరరావు
* సాంబయ్య (తాళవాద్యం): సిరిసిరిమువ్వ, 1976, చంద్రమోహన్
* శంకరశాస్త్రి (గాయకుడు): శంకరాభరణం, 1980, జె.వి. సోమయాజులు
* శంకరం (బాలగాయకుడు): శంకరాభరణం, 1980, తులసి
* హరిప్రసాద్ (వేణువు): సిరివెన్నెల, 1986, సర్వదమన్ బెనర్జీ
* బిలహరి గణపతిశాస్త్రి (గాయకుడు): రుద్రవీణ, 1988, జెమినీ గణేశన్
* సూర్యం (గాయకుడు): రుద్రవీణ, 1988, చిరంజీవి
* అనంతరామశర్మ (గాయకుడు): స్వాతికిరణం, 1992, మమ్ముట్టి
* గంగాధరం (బాలగాయకుడు): స్వాతికిరణం, 1992, మాస్టర్ మంజునాథ్

ఇవి కూడా చూడండి

* శంకరాభరణం రాగం
* మేళకర్త రాగాలు
* కె. విశ్వనాథ్
* కె.వి. మహదేవన్
* ఏడిద నాగేశ్వరరావు
* ఆంధ్రనాట్యం